డ్రైవర్ లేని కారు ఏం చేసిందో రాయడం ఎలా

ఫీనిక్స్, శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్ వంటి అమెరికా నగరాల్లో స్టీరింగ్ ముందు ఎవరూ కూర్చోని ట్యాక్సీలు మామూలు ట్రాఫిక్‌లో కలిసి తిరుగుతున్నాయి. ఇటు సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో 'టిహాన్' పేరుతో ఇలాంటి వాహనాల కోసం ఏర్పాటైన పరీక్షా క్షేత్రం 2022లో ప్రారంభమైంది. వీటిని పరీక్షించే ఇంజనీర్లు, రోడ్డు వీడియోలు చూసి లేబుళ్ళు రాసే ఉద్యోగులు, ప్రమాదం చూసిన సాక్షులు, బీమా క్లెయిమ్ పెట్టుకునేవారు, పరిశోధక విద్యార్థులు ఎప్పుడో ఒకప్పుడు ఒకే ప్రశ్నకు జవాబు రాయవలసి వస్తుంది: ఆ కారు ఏం చేసింది? చూడటానికి తేలికగా ఉన్న ఈ ప్రశ్నకు వచ్చే జవాబుల్లో ఎక్కువ భాగం ఎవరికీ పనికిరావు. "కంగారు పడింది", "దూకుడుగా వచ్చింది", "మనిషిని పట్టించుకోలేదు" అని రాస్తే రాసినవారి కోపం తెలుస్తుంది గానీ కారు నడిచిన తీరు తెలియదు.

మనిషి వైపు నుంచి వర్ణించడమంటే కారుకు మనసును అంటగట్టడం కాదు. ఆ కారు కదలికలో చుట్టూ ఉన్న మనుషులకు ఏం కనిపించింది, దాన్ని బట్టి వాళ్ళు తర్వాత ఏం జరుగుతుందనుకున్నారు, చివరికి ఏం చేయవలసి వచ్చింది అనే మూడు సంగతులను నమోదు చేయడం. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఎవరు నడుపుతున్నారో తేల్చండి

వాక్యం మొదలుపెట్టే ముందే ఆ క్షణంలో డ్రైవింగ్ బాధ్యత ఎవరిదో రాసి పెట్టుకోవాలి. ఇందుకు ప్రపంచమంతా వాడే కొలమానం వాహన రంగ ఇంజనీర్ల సంస్థ ఎస్ఏఈ 2014లో మొదట ప్రచురించి, 2021లో సవరించిన జె3016 పత్రం. అందులో 0 నుంచి 5 వరకు ఆరు స్థాయిలున్నాయి. రెండో స్థాయిలో, అంటే 2 అంకె ఉన్న స్థాయిలో, స్టీరింగునూ వేగాన్నీ కారే చూసుకున్నా, రోడ్డు మీద కన్నేసి ఉంచే పని పూర్తిగా మనిషిదే. మూడో స్థాయిలో, నిర్ణీత పరిస్థితులున్నంతసేపు కారే నడుపుతుంది. అది అడిగినప్పుడు మాత్రం మనిషి పగ్గాలు తీసుకోవాలి. నాలుగో స్థాయిలో, తనకు కేటాయించిన పరిధిలో ఎవరూ అందుకోకపోయినా కారు తనంతట తానే ప్రమాదం తక్కువగా ఉండే స్థితికి చేరుకుని ఆగాలి.

ఈ తేడా కాగితానికి పరిమితమైనది కాదు. ముందు వాహనం ఆగినా వేగం తగ్గించని కారు రెండో స్థాయిదైతే, వర్ణనలో డ్రైవర్ చేతులు, చూపు, బ్రేక్ పెడల్ కూడా ఉండాలి. అదే నాలుగో స్థాయి కారైతే వెనక సీట్లో కూర్చున్న ప్రయాణికుడి చూపుతో నిమిత్తం లేదు. కంపెనీలు పెట్టుకున్న వ్యాపార పేర్లను బట్టి స్థాయిని ఊహించవద్దు. పేరు ఎంత గొప్పగా ఉంటే స్థాయి అంత ఎక్కువని అనుకోవడానికి ఆధారమేమీ లేదు. స్వయంచాలక వ్యవస్థ నడుస్తోందో లేదో బయటివారికి తెలియడం కూడా సమస్యే. మెర్సిడెస్ తన మూడో స్థాయి వ్యవస్థ కోసం కారు వెలుపల నీలి ఆకుపచ్చ దీపాలు వాడేందుకు 2023లో కాలిఫోర్నియా, నెవాడాల్లో అనుమతి తెచ్చుకున్నది ఇందుకే. అలాంటి గుర్తేదీ కనిపించకపోతే "వ్యవస్థ పనిచేస్తోందో లేదో బయటి నుంచి తెలియలేదు" అని రాయడమే సరైనది.

ఎవరి కంటితో చూస్తున్నారో చెప్పండి

ఒకే సంఘటన నలుగురికి నాలుగు రకాలుగా కనిపిస్తుంది. ఖాళీగా ఉన్న రోడ్డు మీద కారు ఉన్నట్టుండి బ్రేక్ వేసిందనుకుందాం. లోపలి ప్రయాణికుడికి అది ముందుకు తూలిపడటం. వెనక వస్తున్న కారు డ్రైవరుకు కారణం కనబడని ఎర్ర దీపాలు, ఉన్నపళంగా తగ్గిపోతున్న దూరం. ఫుట్‌పాత్ మీద నిలబడినవారికి బహుశా "నాకోసమే ఆగింది, దాటవచ్చు" అనే సంకేతం. ఎదుటి వాహనం నడిపేవారికి అసలు ఏమీ జరగనట్టే ఉండవచ్చు. వర్ణనలో ఈ నలుగురినీ కలిపేస్తే ఎవరి అనుభవమూ మిగలదు. అందుకే ప్రతి పేరాకూ ఒక స్థానం ఎంచుకుని, మొదటి వాక్యంలోనే దాన్ని చెప్పాలి: ఎక్కడ నిలబడి లేదా కూర్చుని చూశారు, అడ్డంగా ఏముంది, వెలుతురు ఎటు నుంచి పడుతోంది. రెండో వ్యక్తి అనుభవం కూడా రాయదలిస్తే దానికి వేరే పేరా కేటాయించండి. వారు చెప్పగా విన్నదైతే ఆ మాట కూడా రాయండి.

అగ్నిమాపక సిబ్బంది, ట్రాఫిక్ పోలీసులు, సైకిలు మీద వెళ్ళేవారు, స్కూలు బస్సు దిగే పిల్లలు మనం తరచుగా మరిచిపోయేవాళ్ళు. చేతితో దారి చూపుతున్న పోలీసుకు ఆ కారు తన సైగను గ్రహించిందో లేదో తెలుసుకోవడం ముఖ్యం. ఆయన సైగ చేసిన తర్వాత కారు ఎంతసేపటికి కదిలింది, ఎటు కదిలింది అన్న రెండు వివరాలు ఆయన దృష్టిలో మొత్తం ప్రయాణం కంటే విలువైనవి.

చూసినది వేరు, ఊహించినది వేరు

ఈ పనిలో అన్నింటికన్నా కష్టమైనది, నా ఉద్దేశంలో అన్నింటికన్నా ముఖ్యమైనది ఈ విభజనే. కాగితాన్ని నిలువుగా మూడు భాగాలు చేసుకోండి. మొదటి దానిలో కంటికి కనిపించినవి, చెవికి వినిపించినవి. రెండో దానిలో వీడియో నుంచి గానీ పరికరం నుంచి గానీ లెక్కకట్టినవి. మూడో దానిలో మీరు అనుకుంటున్న కారణాలు. మూడో భాగంలోని ఒక్క మాట కూడా మొదటి భాగంలోకి జారకూడదు.

ఎందుకంత పట్టుదల అంటే, 2018 మార్చి 18 రాత్రి అరిజోనాలోని టెంపీలో ఊబర్ పరీక్షా వాహనం ఒక మహిళను ఢీకొన్న ఉదంతం చూడండి. ఆమె క్రాసింగ్ లేని చోట సైకిలును తోసుకుంటూ రోడ్డు దాటుతున్నారు. బయటి నుంచి చూసినవారెవరైనా "కారు ఆమెను గమనించనే లేదు" అని రాసి ఉండేవారు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తులో తేలింది వేరు. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే వ్యవస్థ ఆమెను పసిగట్టింది. అయితే ఒకసారి వాహనమని, ఒకసారి గుర్తుతెలియని వస్తువని, ఒకసారి సైకిలని మార్చి మార్చి వర్గీకరించింది. వర్గం మారిన ప్రతిసారీ అంతకుముందు ఆమె కదిలిన జాడను పక్కన పెట్టేసింది కాబట్టి ఆమె ఎటు వెళ్తున్నదో దానికి అంతుపట్టలేదు. ప్రమాదం ఖాయమని తేలాక కూడా, అనవసరపు బ్రేకులను నివారించడానికి పెట్టిన ఒక సెకను విరామం అడ్డొచ్చింది. కాబట్టి బయటి నుంచి చూసినవారు నిజాయితీగా రాయగలిగింది "ఢీకొనేలోపు కారు గట్టిగా బ్రేక్ వేయలేదు, పక్కకు తప్పుకోలేదు" అన్నంతవరకే. గమనించిందా లేదా అన్నది లోపలి రికార్డులు చూసినవారు మాత్రమే చెప్పగల మాట.

ఆచరణలో దీనికి ఒక తేలిక మార్గముంది. రాసిన తర్వాత క్రియాపదాల కింద గీతలు గీయండి. ఆగింది, కదిలింది, తిరిగింది, ఇండికేటర్ వేసింది, హారన్ కొట్టింది వంటివి ఉండనివ్వండి. అనుకుంది, భయపడింది, తడబడింది, మొండికేసింది, చూడలేదు వంటివి కనబడితే ఒక్కొక్కదాన్ని తీసి, మీచేత ఆ మాట అనిపించిన కదలిక ఏమిటో దాని స్థానంలో పెట్టండి. "తడబడింది" అన్న మాట వెనక బహుశా "నాలుగు సెకన్లలో మూడుసార్లు కదిలి మూడుసార్లు ఆగింది" అన్న వాస్తవం ఉంటుంది. విశేషణాలకూ ఇదే వర్తిస్తుంది. "సాఫీగా" అంటే బ్రేక్ ఒత్తిడి కుదుపు లేకుండా పెరిగిందనా, లేన్ మధ్యలోంచి పక్కకు జరగలేదనా, లేక రెండూనా? విడదీసి రాయండి.

మనుషుల విషయంలో మాత్రం మనసును వదిలిపెట్టనక్కర్లేదు. "ఆ కారు ఎటు వెళ్తుందో నాకు అర్థం కాలేదు, అందుకే ఆగాను" అని పాదచారి చెబితే అది ఊహ కాదు, సాక్ష్యం. ఆయన మాటల్లోనే రాసుకోండి.

దృశ్యాన్ని కట్టడం

కదలిక కంటే ముందు రంగస్థలం ఉండాలి. కారును ఏయే పరిస్థితుల్లో నడపడానికి తయారుచేశారో చెప్పే పరిధిని వర్ణించేందుకు బ్రిటన్‌లో 2020లో పాస్ 1883, అంతర్జాతీయంగా 2023లో ఐఎస్ఓ 34503 ప్రమాణాలు వచ్చాయి. రెండూ పరిసరాలను మూడు భాగాలుగా చూస్తాయి: కదలని రోడ్డు, దాని హంగులు మొదటిది, వాన, వెలుతురు, మంచు, నెట్‌వర్క్ సిగ్నల్ అందుబాటు వంటి వాతావరణ సంగతులు రెండోది, కదిలే వాహనాలు, మనుషులు, జంతువులు మూడోది. మీ వర్ణనకూ ఈ వరుస చాలు. అయితే మూడింటినీ సమానంగా నింపాలని తాపత్రయపడవద్దు. సంఘటనను మార్చగలిగిన వివరమైతే చిన్నదైనా రాయండి, మార్చలేనిదైతే వదిలేయండి.

చిన్న వివరం ఎంత మార్చగలదో 2016 ఫిబ్రవరి 14న కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో తెలిసింది. గూగుల్ పరీక్షిస్తున్న లెక్సస్ కారు కుడివైపు తిరగడానికి రోడ్డు అంచుకు జరిగింది. అక్కడ వాన నీటి కాలువ చుట్టూ పేర్చిన ఇసుక బస్తాలు అడ్డమొచ్చాయి. వాటిని తప్పించుకోవడానికి లేన్ మధ్యలోకి తిరిగి వస్తూ, వెనక నుంచి వస్తున్న సిటీ బస్సు పక్క భాగాన్ని తాకింది. కారు వేగం గంటకు 2 మైళ్ళు, బస్సు వేగం 15 మైళ్ళు. బస్సు నెమ్మదిస్తుందని కారు అంచనా వేసింది. లోపలున్న టెస్ట్ డ్రైవరూ అద్దంలో బస్సును చూసి అలాగే అనుకున్నాడు. ఈ ఉదంతంలో ఇసుక బస్తాలు రాయకపోతే కారు కదలిక అర్థంలేనిదిగా కనిపిస్తుంది. బస్సు డ్రైవరు వైపు నుంచి చూడకపోతే, అంచుకు ఒదిగి ఆగిన కారు తనకు దారి వదిలినట్టే ఆయనకు కనిపించి ఉండవచ్చన్న సంగతి తోచదు.

వర్ణన ఎంత నిర్దిష్టంగా ఉండాలన్నది దాని అవసరాన్ని బట్టి ఉంటుంది. జర్మనీలో 2016 నుంచి 2019 వరకు స్వయంచాలక కార్ల పరీక్షా పద్ధతుల కోసం నడిచిన పెగాసస్ ప్రాజెక్టు సన్నివేశాలను మూడు మెట్లుగా రాసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. మొదటి మెట్టులో మామూలు మాటలు: "పక్క లేన్‌లోని కారు ముందుకు దూరింది." రెండో మెట్టులో అవే మాటలకు హద్దులు: ఎంత వేగం నుంచి ఎంత వేగం వరకు, ఎంత దూరం నుంచి ఎంత దూరం వరకు. మూడో మెట్టులో ఒక్కొక్క దానికి ఒకే అంకె. సాక్షిగా రాసేవారికి మొదటి మెట్టు, దానికి తోడు నమ్మకంగా చెప్పగలిగిన ఒకటి రెండు అంకెలు సరిపోతాయి. పరీక్షకుడికి మూడో మెట్టు తప్పదు.

అంకెలు ఎక్కడి నుంచి తేవాలి

కంటి అంచనాలు నమ్మదగినవి కావు. డ్యాష్‌క్యామ్ అంచనాలు ఇంకా మోసకారివి, ఎందుకంటే వెడల్పాటి లెన్సు ముందున్న వస్తువును ఉన్నదానికంటే దూరంగా చూపిస్తుంది. అందుకే రోడ్డు మీదే కొలబద్ద వెతకండి. అమెరికాలో లేన్లను వేరుచేసే తెగిన గీత సాధారణంగా 10 అడుగులు, మధ్య ఖాళీ 30 అడుగులు. అంటే ఒక గీత మొదలు నుంచి మరో గీత మొదలుకు 40 అడుగులు, సుమారు 12 మీటర్లు. వీడియోలో కారు ముందు చక్రం ఒక గీత మొదలును దాటిన ఫ్రేమును, తర్వాతి గీత మొదలును దాటిన ఫ్రేమును గుర్తించండి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో వాటి మధ్య 30 ఫ్రేములుంటే కారు సెకనుకు సుమారు 12.2 మీటర్లు, అంటే గంటకు సుమారు 44 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నట్టు. ఇతర దేశాల్లో గీతల కొలతలు వేరుగా ఉంటాయి కాబట్టి అక్కడి కొలత తెలుసుకోకుండా ఈ లెక్క వేయవద్దు.

ముందు వాహనానికి ఎంత దూరంలో ఉందన్నది మీటర్లలో కంటే సెకన్లలో చెబితే మనిషికి త్వరగా అర్థమవుతుంది. ముందు కారు ఒక స్తంభాన్ని దాటిన క్షణం నుంచి వెనక కారు అదే స్తంభాన్ని దాటేదాకా లెక్కపెడితే చాలు. డ్రైవర్లకు నేర్పే రెండు సెకన్ల నియమం ప్రకారం గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఈ దూరం సుమారు 33 మీటర్లు. హైవేలో లేన్ విడవకుండా నడిచే మూడో స్థాయి కార్ల కోసం ఐక్యరాజ్య సమితి 2020లో ఆమోదించిన 157వ నిబంధన అదే వేగానికి కనీసం 1.6 సెకన్లు, అంటే 26.7 మీటర్లు అడుగుతుంది.

బ్రేక్ తీవ్రత విషయంలో కూడా ఆ నిబంధన నుంచి హద్దులు తెచ్చుకోవచ్చు. ప్రతి సెకనుకూ గంటకు 18 కిలోమీటర్ల కంటే ఎక్కువ చొప్పున వేగం తగ్గితే అది అత్యవసర బ్రేకు కిందికి వస్తుంది. మనిషి పగ్గాలు తీసుకోనప్పుడు కారు తనంతట తాను ఆగేటప్పుడు ఈ చొప్పు 14.4 కిలోమీటర్లు మించకూడదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు 2 సెకన్లలో ఆగిందంటే సెకనుకు 20 చొప్పున తగ్గినట్టు. "గట్టి బ్రేకు" అనే మీ మాటకు అప్పుడు బలం ఉంటుంది. 4 సెకన్లు పట్టిందంటే సెకనుకు 10 మాత్రమే, మాట తగ్గించుకోవాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి

సంఘటనకు కనీసం పది సెకన్ల ముందు నుంచి మొదలుపెట్టమని నా సలహా, ఎందుకంటే మనుషుల అంచనాలు ఏర్పడేది అప్పుడే. అయితే ముగింపు దగ్గరే ఎక్కువ వర్ణనలు చెడిపోతాయి. ఢీకొన్న క్షణంతో, లేదా కారు ఆగిన క్షణంతో రాసేవారు కలం దించేస్తారు.

2023 అక్టోబర్ 2న శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక మనిషి నడుపుతున్న కారు పాదచారిని ఢీకొని, ఆమెను పక్క లేన్‌లో వస్తున్న క్రూజ్ సంస్థ డ్రైవర్ లేని కారు ముందు పడేసింది. క్రూజ్ కారు గట్టిగా బ్రేక్ వేసినా ఆమెను తాకి ఆగింది. వర్ణన ఇక్కడితో ఆపితే దోషం మొదటి డ్రైవరుదిగానే కనబడుతుంది. కానీ ఆ తర్వాత కారు రోడ్డు పక్కకు వెళ్ళే ప్రయత్నంలో మళ్ళీ కదిలి, కింద చిక్కుకున్న ఆమెను సుమారు 20 అడుగులు ఈడ్చుకెళ్ళింది. కాలిఫోర్నియా వాహనాల శాఖ అక్టోబర్ 24న ఆ సంస్థ అనుమతులను నిలిపివేసింది. ఈడ్చుకెళ్ళిన సంగతిని తొలి నివేదికల్లో పూర్తిగా తెలపనందుకు సమాఖ్య రహదారి భద్రతా సంస్థ 2024లో 15 లక్షల డాలర్ల జరిమానా వేసింది. రోడ్డు పక్కకు తప్పుకోవడం మామూలుగా మంచి ప్రవర్తనే. ఏ క్షణంలో, ఏ స్థితిలో ఆ పని చేసిందన్నదే ఇక్కడ వర్ణించవలసింది. అందుకే కారు నిలిచాక చక్రాలు మళ్ళీ కదిలాయా, ప్రమాద సూచక దీపాలు వెలిగాయా, తలుపులు తెరుచుకున్నాయా, దూరం నుంచి మాట్లాడే సిబ్బంది గొంతు వినిపించిందా, దారి ఎంతసేపు మూసుకుపోయింది అన్నవన్నీ రాసేదాకా వర్ణన ముగియదు.

దేనితో పోల్చాలి

"మనిషిలా నడిపింది" అన్న మెప్పు గానీ "మనిషిలా నడపలేదు" అన్న తెగడ్త గానీ పాఠకుడికి ఏమీ చెప్పవు. తాగి నడిపేవాడూ మనిషే. చట్టాలు ఎంచుకున్న కొలత జాగ్రత్త, సామర్థ్యం రెండూ ఉన్న డ్రైవరు. బ్రిటన్ 2024లో చేసిన స్వయంచాలక వాహనాల చట్టం ఈ కార్లు కనీసం అలాంటి డ్రైవరు స్థాయిలోనైనా సురక్షితంగా ఉండాలంటుంది. 157వ నిబంధన ఇంకో అడుగు వేసి, ముందుకు దూరే వాహనం విషయంలో అలాంటి మనిషికి అంకెలు కూడా కట్టింది: ప్రమాదాన్ని గుర్తించడానికి 0.4 సెకన్లు, బ్రేక్ పడేలోగా మరో 0.75 సెకన్లు.

పోలిక రాసేటప్పుడు మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. నియమం ఏమంటోంది? అక్కడి వాడుక ఏమిటి? జాగ్రత్తగల డ్రైవరు ఆ రెండింటి మధ్య ఏం చేసేవాడు? ఈ మూడూ ఒకటి కావని టెస్లా ఉదంతం చూపిస్తుంది. నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడళ్ళలో, చుట్టూ కదిలే వాహనాలు గానీ మనుషులు గానీ లేరని తేల్చుకుంటే, పూర్తిగా ఆగకుండా గంటకు 5.6 మైళ్ళ వేగం వరకు దొర్లుకుంటూ దాటే వెసులుబాటును ఆ సంస్థ తన వ్యవస్థలో పెట్టింది. అమెరికాలో చాలామంది డ్రైవర్లు చేసేది అదే, చట్టం ఒప్పుకోనిదీ అదే. 2022 ఫిబ్రవరిలో 53,822 వాహనాల్లో దాన్ని తొలగించవలసి వచ్చింది. మీ వర్ణనలో "అందరిలాగే నెమ్మదించి వెళ్ళింది" అని రాస్తే నియమం మరుగునపడుతుంది; "స్టాప్ దగ్గర ఆగలేదు" అని మాత్రమే రాస్తే కూడలి ఖాళీగా ఉన్న సంగతి మరుగునపడుతుంది. రెండూ రాయాలి.

కార్లకు డ్రైవింగ్ సహాయక వ్యవస్థలు తయారుచేసే మొబిల్ఐ సంస్థ 2017లో ప్రతిపాదించిన భద్రతా నమూనాలో ఐదు సూత్రాలున్నాయి. దారి హక్కు ఇవ్వవలసిందే తప్ప లాక్కోవలసింది కాదన్నది వాటిలో ఒకటి, వర్ణన రాసేవారికి అన్నింటికన్నా ఎక్కువ అక్కరకొచ్చేది. ఎవరు దారి ఇచ్చారు, దాన్ని ఏ కదలికతో తెలిపారు, ఎదుటివారు ఆ కదలికను అలాగే తీసుకున్నారా అని చూడటం మొదలుపెడితే కూడలి దగ్గర జరిగే వ్యవహారమంతా విడివడి కనిపిస్తుంది.

ఒక వర్ణన, తిరగరాసిన తర్వాత

ఊహించిన ఒక సంఘటన తీసుకుందాం. మొదటి ముసాయిదా ఇలా ఉందనుకోండి: "రోబో కారు ఆ పెద్దాయనను పట్టించుకోకుండా తొందరపడి ముందుకు దూకింది. చివరి క్షణంలో ఎలాగో ఆగింది."

తిరగరాస్తే: "నేను డ్రైవర్ లేని కారుకు సరిగ్గా వెనక కారులో, డ్రైవరు సీట్లో ఉన్నాను. నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న చిన్న కూడలి. ఒక్కో వైపు ఒక్కో లేన్. సాయంత్రం, పొడి రోడ్డు, సూర్యుడు ఎడమ పక్క. కారు గీత దగ్గర పూర్తిగా ఆగింది. దాదాపు అదే సమయంలో కుడివైపు రోడ్డు మీద ఒక పికప్ ట్రక్కు ఆగింది. కుడి ఫుట్‌పాత్ చివర, జీబ్రా గీతల పక్కన, కుక్క గొలుసు పట్టుకున్న వృద్ధుడు రోడ్డు వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. మూడు సెకన్ల తర్వాత కారు జీబ్రా గీతల మీదికి సుమారు ఒక మీటరు కదిలి ఆగింది. అప్పుడే రోడ్డు మీద అడుగు పెట్టిన వృద్ధుడు ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు. ట్రక్కు డ్రైవరు చెయ్యి ఊపాడు. కారుకో, వృద్ధుడికో నా చోటు నుంచి తెలియలేదు. మరో రెండు సెకన్లకు కారు, వృద్ధుడు ఒకేసారి కదిలారు. కారు వెంటనే ఆగింది. నాకు కనబడినంతలో వారి మధ్య ఒక మనిషి పొడవు కంటే కొంచెం ఎక్కువ దూరం ఉంది. వృద్ధుడు అరచెయ్యి కారుకేసి చూపిస్తూ దాటాడు. ఆయన అవతలి ఫుట్‌పాత్ ఎక్కేవరకు కారు కదలలేదు. హారన్ మోగలేదు. ట్రక్కు అంతసేపూ ఆగే ఉంది."

రెండో వర్ణనలో కారును తిట్టలేదు, పొగడలేదు. అయినా అసలు చిక్కు బయటపడింది: ఆ ఒక మీటరు కదలిక. మనుషులు నడిపే కార్లలో అది "నేను వెళ్తున్నాను" అని చెప్పే పద్ధతి. కారు వెంటనే ఆగడంతో వృద్ధుడికి "నువ్వు వెళ్ళు" అని వినిపించింది. జీబ్రా మీద అడుగు పెట్టిన పాదచారికి దారి ఇవ్వాలన్న నియమం చివరికి పాటించబడినా, ఆ దారి ఇస్తున్నట్టు తెలపడంలో కొన్ని సెకన్ల గందరగోళం ఉంది. డ్రైవరు ఉండి ఉంటే వృద్ధుడు ఆయన ముఖం చూసేవాడు. ఇక్కడ చూడటానికి ముఖం లేదు కాబట్టి కారు శరీర కదలికే మొత్తం సంభాషణ అయింది. జరగనివి కూడా రాసిన సంగతి గమనించండి. హారన్ మోగకపోవడం, ట్రక్కు కదలకపోవడం ఈ సంఘటనలో సమాచారమే.

మన రోడ్ల మీద

ఈ పద్ధతిని హైదరాబాద్‌కో విజయవాడకో తెచ్చినప్పుడు వాడుకకు సంబంధించిన భాగం చాలా పెరుగుతుంది. ఎదురుగా వచ్చే వాహనం లైట్లు కొట్టిందంటే బ్రిటన్‌లో చాలామంది "మీరు వెళ్ళండి" అని తీసుకుంటారు. మన దగ్గర "నేను వస్తున్నాను, ఆగు" అని అర్థం. హారన్ అమెరికాలో హెచ్చరికో కోపమో. మన దగ్గర చాలాసార్లు "పక్కనే ఉన్నాను" అని తెలపడం మాత్రమే. అందువల్ల "హారన్ కొట్టింది" అని రాసి ఊరుకోకుండా, ఎంతసేపు, ఎవరికి ఎంత దూరంలో, దానికి ఎవరు ఎలా స్పందించారు అన్నది తప్పకుండా చేర్చాలి.

దృశ్యంలోని పాత్రల జాబితా కూడా మారుతుంది. ఐఐటీ కాదు, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు 2018లో విడుదల చేసిన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌లో హైదరాబాద్, బెంగళూరు రోడ్ల నుంచి తీసిన 10,000 చిత్రాలకు 34 రకాల లేబుళ్ళు వాడారు. ఆటోరిక్షాకూ జంతువులకూ అందులో వేరే లేబుళ్ళున్నాయి. విదేశీ లేబుళ్ళ జాబితాను అలాగే వాడితే ఆటో "ఇతర వాహనం" కింద పడిపోతుంది. షేర్ ఆటో ఎక్కడ పడితే అక్కడ ఆగుతుందని వెనక డ్రైవరుకున్న అంచనా కూడా దాంతోపాటే పోతుంది. లేన్ గీతలు చెరిగిపోయిన చోట "లేన్ దాటింది" అనడం కుదరదు. "ముందు వెళ్తున్న బైకుకు కుడివైపుగా, మధ్య డివైడరుకు సుమారు మీటరు దూరంలో వెళ్ళింది" అని పక్క వస్తువులను ఆధారం చేసుకుని రాయాలి.

వర్ణన పూర్తయ్యాక సంఘటన చూడని ఒకరికి ఇచ్చి, కాగితం మీద కూడలి గీయించి, నాణేలో అగ్గిపుల్లలో పెట్టి వాహనాలను, మనుషులను మీ వాక్యాల ప్రకారం కదపమనండి. మీరు పక్కన కూర్చోండి, నోరు మెదపవద్దు. ఏ నాణెం ఎటు కదపాలో తెలియక వారు ఆగిన చోట ఒక వాక్యం తక్కువైంది. మీరు చూసినదానికి భిన్నంగా కదిపిన చోట ఒక మాట తప్పుదారి పట్టించింది. ఆ రెండు రకాల చోట్లనూ సరిచేసి, వీడియో ఉంటే సమయం అంకెలతో సహా జతచేసి, తేదీ వేసి, మూడో భాగంలోని ఊహలను వేరే పేజీగా విడదీసి అప్పగించండి.